లప్పం ఎప్పుడు ఆరింది మరి?

మా ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకి సీరియల్ నడవదు. రిమోట్ నాన్న చేతిలో ఉంటుంది, టీవీలో ఎవరో ఒక తెల్లాయన పాత కారు డోరు ఊడదీస్తుంటాడు. మాది విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు. నాన్న అక్కడ నలభై ఏళ్లకి పైగా సుత్తి పట్టిన మనిషి. నా బీకాం అయ్యాక 2008 నుంచి అక్కడ బిల్లులు రాసేది నేను. "పగలంతా చూసిన రేకులు చాలవా తండ్రీకూతుళ్లకి, అన్నం దగ్గర కూడానా?" అని విసుక్కుంటూనే అమ్మ కూడా పక్కన కూర్చుని చూసేది.

కాబట్టి పాత బండ్లని విప్పి, కోసి, కొత్తగా కట్టే ఈ షోల గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత మాకు ఉందనే అనుకుంటున్నాను. మొదట్లో కేబుల్‌లో హిందీ డబ్బింగ్‌తో చూశాం, ఇప్పుడు ఫోన్లో, ఓటీటీలో చూస్తున్నాం. బాగున్నవాటిని రెండు మూడు సార్లు చూశాం. బాగాలేనివాటిని తిట్టుకుంటూ చూశాం.

ముందు మమ్మల్ని ఏది కట్టిపడేసిందో చెప్తాను. ఓవర్‌హాలిన్ అని 2004లో టీఎల్‌సీలో మొదలైన అమెరికా షో ఉంది. చిప్ ఫూస్ అనే డిజైనర్ అందులో పెద్దమేస్త్రి. ఇంట్లోవాళ్లే రహస్యంగా కారు అప్పగించేస్తారు, ఓనరేమో బండి పోయిందని లబోదిబోమంటాడు, ఈలోగా వారం రోజుల్లో ఆ పాత డొక్కుని మెరిసిపోయేలా చేసి చేతికిస్తారు. ఆ దొంగతనం నాటకం మాకు ఏనాడూ నచ్చలేదు. ఆ ముక్క రాగానే నాన్న మంచినీళ్లకి లేచేవారు. కానీ ఫూస్ కాగితం ముందు కూర్చుని మార్కర్‌తో కారు గీయడం మొదలుపెడితే మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఉన్న కారుని అలాగే ఉంచి, ఇక్కడ బంపర్ కాస్త లోపలికి, అక్కడ గీత కాస్త కిందికి, అంతే. బండి మొహమే మారిపోతుంది.

ఇంకో రోజు, ఇలాంటి షోలోనే, ఒక పెద్దాయన కారు పక్కన చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పొడుగు కుచ్చున్న సన్న బ్రష్. చిటికెన వేలు రేకుకి ఆనించాడు. ఊపిరి బిగబట్టి డోరు ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ఒక్క గీత లాగాడు. స్కేలు లేదు, టేపు లేదు. నాన్న నోటిదాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది. "మన లారీ బోర్డులు రాసేవాడి చెయ్యే అమ్మాయ్ అది," అన్నారు. నిజమే. ఆటోనగర్‌లో లారీ వెనక తలుపు మీద అక్షరాలు రాసి, ఒక్కో అక్షరం కింద నీడ గీసేవాళ్లు అచ్చం అలాగే చిటికెన వేలు ఆనిస్తారు. కాలిఫోర్నియా మనిషికి, మా సందు చివర మనిషికి ఒకే అలవాటు.

అలాగే అరచెయ్యి. రేకులో సన్న గుంట కంటికి కనపడదు. కళ్లు పక్కకి తిప్పుకుని అరచేత్తో మెల్లగా తడిమితే తెలుస్తుంది. మా నాన్న అలాగే చూస్తారు, ఆ షోల్లో మంచి మేస్త్రిలూ అలాగే చూస్తారు. మిగతా వాళ్ల సంగతేమో కానీ మా ఇంట్లో ఈ షోలు చూసింది అందుకే.

ఇక అమెరికన్ చాపర్. చాపర్ అంటే ముందు ఫోర్కు బాగా సాగదీసిన మోటార్‌సైకిల్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అంత బాగా మొదలై అంతగా పాడైన షో ఇంకోటి చూడలేదు. అప్పట్లో న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేది ఆరెంజ్ కౌంటీ చాపర్స్ అనే షాపు. పాల్ ట్యూటుల్ అనే తండ్రి, పాల్ జూనియర్ అనే కొడుకు. డిస్కవరీలో 2003 నుంచి సిరీస్‌గా వచ్చింది. తొలి ఎపిసోడ్లలో సాలెగూడు డిజైన్‌తో నల్ల బండి, ఫైరింజన్ వాళ్ల గౌరవార్థం ఎర్ర బండి కట్టారు. జూనియర్ పెట్రోల్ ట్యాంకు మీద సన్న కమ్మీలు వంచి, ఒక్కొక్కటీ అతికించి గూడు అల్లుతుంటే అది పని. ఏ కమ్మీ ఎక్కడ పెట్టాలో తేలక ఆ కుర్రాడు బండి చుట్టూ తిరగడం కూడా పనే. ఆ తిరగడాన్ని కెమెరా ఓపిగ్గా చూపించేది.

తర్వాత తండ్రీకొడుకులు అరుచుకోవడం జనానికి నచ్చుతోందని కనిపెట్టినట్టున్నారు. పని తగ్గింది, అరుపులు పెరిగాయి. 2008లో తండ్రి కొడుకుని పనిలోంచి తీసేశాడు. వాటాల మీద కోర్టుకెక్కారు. ఆ గొడవ పేరు మీదే 2010లో 'సీనియర్ వర్సెస్ జూనియర్' అని కొత్తగా మొదలుపెట్టారు. 2011 డిసెంబర్లో లాస్ వేగాస్‌లో ఇద్దరి బండ్లకీ, జెస్సీ జేమ్స్ అనే ఇంకో మేస్త్రి బండికీ లైవ్‌లో పోటీ పెడితే కొడుకు గెలిచాడు. వాళ్లిద్దరూ అరుచుకుంటూ కుర్చీ విసిరే పాత గొడవ బొమ్మలు 2018లో ఫోన్ ఫోన్‌కీ మీమ్‌గా తిరిగాయి. మా షెడ్డులో కుర్రాళ్లు కూడా వాట్సాప్‌లో పంపుకున్నారు. వాళ్లలో ఎవరికీ ఆ ఇద్దరూ బండ్లు కట్టేవాళ్లని తెలియదు.

నాన్నకి అసలు బాధ ఆ గొడవ కాదు. తండ్రీకొడుకులు ఒకే షెడ్డులో పనిచేస్తే అరుపులు ఉంటాయి, ఆటోనగర్‌లో పొద్దున పదింటికి ఏ సందులోకి వెళ్లినా వినొచ్చు. ఆయన ప్రశ్న వేరు. "ఈ బండెక్కి ఎవడు ఎక్కడికి పోతాడు?" రాను రాను ఆ షాపు కట్టిన వాటిలో చాలా భాగం కంపెనీల ప్రచారం కోసం కట్టిన బండ్లు. బండికి కంపెనీ సామాను వేలాడదీయడం, లోగో చెక్కడం. చక్రాలున్న బోర్డు అన్నమాట.

మాన్‌స్టర్ గరాజ్ (2002-2006) ఇందుకు పూర్తి వ్యతిరేకం. జెస్సీ జేమ్స్ షో అది. ఏడు రోజులు, మూడు వేల డాలర్ల బడ్జెట్, ఒకరికొకరు కొత్తయిన మనుషులు. ఒక రోజు డిజైన్, ఐదు రోజులు పని, ఏడో రోజు పరీక్ష. ఫోర్డ్ మస్టాంగ్‌ని గడ్డి కోసే యంత్రంగా మార్చారు, స్కూలు బస్సుని పడవ చేశారు. పిచ్చి పనే. కానీ కొలత తప్పడం, అతుకు విడిపోవడం, అర్ధరాత్రి మళ్లీ కోయడం, అన్నీ కనిపిస్తాయి. పని ఫెయిలైతే ఫెయిలైందనే చెప్తారు. నాకైతే ఇప్పటికీ ఇష్టమే.

పింప్ మై రైడ్ సంగతి తొందరగా తేల్చేస్తాను. ఎంటీవీలో 2004 నుంచి 2007 దాకా వచ్చింది, రాపర్ ఎగ్జిబిట్ హోస్టు. పేద కుర్రాళ్ల డొక్కు కార్లలో టీవీలు, పెద్ద స్పీకర్లు, రంగు లైట్లు. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, సంతోషమూ వేస్తుంది. కానీ 2015లో హఫింగ్టన్ పోస్ట్‌లో వచ్చిన కథనంలో అప్పట్లో పాల్గొన్నవాళ్లు కొందరు నోరు విప్పారు. కారు తిరిగొచ్చేసరికి నెలలు పట్టిందన్నారు, ఇంజన్ పని సరిగ్గా జరగలేదన్నారు, షూటింగ్ అయ్యాక కొన్ని సామాన్లు తీసేశారన్నారు. షాంపేన్ పెట్టె ఒకటి తీసేసిన మాట నిజమేనని, మందుకీ డ్రైవింగ్‌కీ ముడిపెట్టినట్టు ఉంటుందని తీసేశామని నిర్మాతల వైపు నుంచే జవాబొచ్చింది. అది చదివి వినిపిస్తే నాన్న ఆశ్చర్యపోలేదు. "చాసిస్ తుప్పు పట్టిన బండికి స్పీకర్లు బిగించినప్పుడే అనుకున్నా" అన్నారు.

తుప్పు మాట వచ్చింది కాబట్టి బ్రిటన్ వాళ్ల దగ్గరికి పోదాం. అక్కడి వానలకి, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి కార్లని తుప్పు కింద నుంచి తినేస్తుంది. వాళ్ల షోలు దాన్ని దాచవు. 2003లో మొదలైన వీలర్ డీలర్స్‌లో మైక్ బ్రూవర్ బేరమాడి పాత కారు కొంటాడు, ఎడ్ చైనా దాన్ని బాగుచేస్తాడు. ఎడ్ ఆరున్నర అడుగుల పైన పొడుగు, చేతులకి నారింజ రంగు గ్లవ్స్. బోల్టు ఎందుకు పట్టేసింది, దాన్ని విరగకుండా ఎలా తీయాలి, కొత్త రబ్బరు ఏ వైపు తిప్పి పెట్టాలి, పక్కన నిలబెట్టి చెప్పినట్టు చెప్పేవాడు. మా హెల్పర్ కుర్రాడొకడు స్కూల్లో నేర్చుకోని భౌతికశాస్త్రం ఆయన దగ్గర నేర్చుకున్నాడు, అదీ సగం అర్థమయ్యే హిందీలో.

ఈ షోతో నాకున్న పేచీ ఒక్కటే, అది నా ఉద్యోగానికి సంబంధించింది. ప్రతి ఎపిసోడ్ చివర లెక్క చెప్తారు. కారు కొన్నది ఇంత, విడిభాగాలకి ఇంత, అమ్మింది ఇంత, లాభం ఇంత అని చేతులు కలుపుకుంటారు. ఎడ్ కూలీ ఏదయ్యా మరి? ఒకసారి నేను బిల్లు పుస్తకం వెనక పేజీలో లెక్క వేశాను. మా షెడ్డులో మేస్త్రికైనా పెయింటర్‌కైనా రోజుకి 1,200, హెల్పర్‌కి 600. ఒక బానెట్, రెండు డోర్లు చేయాలంటే టింకరింగ్ మేస్త్రి మూడు రోజులు, పెయింటర్ రెండు రోజులు, హెల్పర్ ఐదు రోజులు. మొత్తం 9,000. ఇంకా కరెంటు లేదు, షెడ్డు అద్దె లేదు. ఆ లెక్కన ఎడ్ చైనా కూలీ కలిపితే వాళ్ల ఎపిసోడ్లలో సగం నష్టంలోనే ముగుస్తాయని నా అనుమానం. ఇది చిన్న విషయం కాదు. మా దగ్గరికొచ్చే కస్టమర్లు అదే లెక్క మనసులో పెట్టుకుని వస్తారు. "సామాను నేను తెచ్చిస్తాగా, ఇంక మీకేంటి ఖర్చు?" అని అడుగుతారు.

2017లో ఎడ్ చైనా షో వదిలేశాడు. వర్క్‌షాపులో వివరంగా చూపించే భాగాలు తీయడం కష్టమని కొత్త యాజమాన్యం వాటిని తగ్గించమందని, అది తనకి కుదరదని వీడియో పెట్టి మరీ చెప్పాడు. నాన్నకి ఆ వీడియోని ముక్క ముక్కా తెలుగులో చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "పని చూపించడమే కష్టమంటే ఇంకేం చూపిస్తారంట?" అన్నారు చివరికి. తర్వాత వచ్చిన మెకానిక్‌లు తెలివైనవాళ్లే, షో నడుస్తూనే ఉంది. మేము మాత్రం పాతవే చూస్తాం.

ఇప్పుడు మా సొంత తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే.

2014 ఆగస్టులో ఒక కుర్రాడు పాత జీపు తెచ్చాడు. పెళ్లికి అందులోనే ఊరేగాలట. ఫోన్లో ఓవర్‌హాలిన్ క్లిప్పు చూపించి "వాళ్లు వారంలో చేశారు మేస్త్రి గారూ, మీరు చేయలేరా?" అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నాన్న ఎప్పుడూ ఇరవై రోజులకి తక్కువ ఒప్పుకోని మనిషి, ఆ రోజు ఎనిమిదికి ఒప్పుకున్నారు. 45,000కి మాట అయింది. టీవీలో కనిపించనిది ఏంటంటే, ఆ షోల్లో ఒక బండి మీద పదుల మంది షిఫ్టుల్లో పడతారు, సామాను ముందే తెచ్చి పెట్టుకుంటారు, వేడి గాలి తోలే పెయింట్ గది ఉంటుంది. మా దగ్గర నలుగురు మనుషులు, ఒక కంప్రెషర్, పైన రేకుల కప్పు. బయట వాన.

లప్పం అంటే రేకు గుంటలు పూడ్చే ముద్ద. దాన్ని పల్చగా పూసి, ఆరనిచ్చి, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టి, మళ్లీ పూయాలి. మందంగా ఒకేసారి పూస్తే పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది. ప్రైమర్ అంతే, పెయింట్ అంతే. ఒక కోటింగ్‌లోని థిన్నర్ ఎగిరిపోకముందే ఇంకోటి కొడితే అది లోపలే ఇరుక్కుంటుంది. మాకు తెలియక కాదు, తెలిసే చేశాం. తొమ్మిదో రోజు బండి ఇచ్చాం, ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది. పది రోజులకి ఎండ కాసింది. బానెట్ నిండా చెమటకాయలు లేచాయి. చిన్నపిల్లల వీపు మీద వేసవిలో లేస్తాయే, అచ్చం అలాగే. బానెట్, రెండు ఫెండర్లు మళ్లీ మొదట్నుంచీ ఊడగొట్టి చేసిచ్చాం. పైసా తీసుకోలేదు. ఆ పేజీలో నా చేత్తో రాసిన అంకె ఇప్పటికీ ఉంది, 11,400.

అప్పట్నుంచి టీవీలో సాయంత్రం రంగు కొట్టి, పొద్దున్నే డోర్లు బిగించేస్తుంటే నాన్న స్క్రీన్ వైపు చెయ్యి చూపించి అడుగుతారు. "లప్పం ఎప్పుడు ఆరింది మరి?" మా మూడేళ్ల పిల్ల కూడా ఆ మాట పట్టేసింది. ఇడ్లీ ఆలస్యమైనా అదే అడుగుతుంది.

ఈ షోలు దాచే రెండోది మన ఆర్టీయే ఆఫీసు. అమెరికాలో రాష్ట్రానికో రకం రూలు, అక్కడ చాలా మార్పులు నడుస్తాయి. ఇక్కడ 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి ఆర్సీలో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో, ఓనరు అలా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించుకోవాలి. చాపర్ లాగా ముందు ఫోర్కు సాగదీయమని బుల్లెట్ పట్టుకొచ్చే కుర్రాళ్లకి నాన్న దగ్గర ఒకే జవాబు. "టీవీలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని చూపించిన రోజు రా, చేసిస్తా."

ఆశ తీరాలంటే హైదరాబాద్ వెళ్లండి. బహదూర్‌పురాలో జూ పార్కు దగ్గర సుధాకర్ గారి కార్ల మ్యూజియం ఉంది. బూటు, క్రికెట్ బ్యాట్, బర్గర్ ఆకారాల్లో నడిచే కార్లు, అన్నీ చేత్తో కట్టినవి. 2005లో ఆయన కట్టిన 41 అడుగుల పైన ఎత్తున్న మూడు చక్రాల సైకిల్‌కి గిన్నిస్ రికార్డు వచ్చింది. అక్కడ నాన్న బూటు కారు ముందు ఆగి, మడమ దగ్గర రేకు ఒంపు తడిమి చూడబోతే ముట్టుకోకూడదన్నారు. చిన్నబుచ్చుకున్నారు పాపం.

ఇన్ని తిట్టినా, ఒక విషయంలో ఈ షోలకి మేం రుణపడి ఉన్నాం. అక్కడ పెయింట్ కొట్టేవాడు తల నుంచి కాలి దాకా తెల్ల సూటు వేసుకుని, మొహానికి కార్ట్రిడ్జ్ మాస్కు (గాలిని వడపోసే డబ్బాలున్నది) పెట్టుకుని గదిలోకి వెళ్తాడు. గాలి పైనుంచి కిందికి పోతుంది, పొగమంచు లాంటి ఆ పెయింట్ ముక్కు దగ్గర నిలవదు. మా దగ్గర జేబురుమాలు కట్టుకుని కొట్టేవాళ్లు. గట్టిపడటానికి హార్డ్‌నర్ కలిపే పెయింట్లలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచివి కావు, జేబురుమాలు వాటిని ఆపదు. నాన్న దగ్గు గురించి డాక్టర్ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. టీవీలో పదేళ్లు చూశాక ఒకరోజు ఆయనే అడిగారు, "ఆ మాస్కు ఎక్కడ దొరుకుతుంది?" అని. రెండు తెప్పించాను. నారింజ రంగు గ్లవ్స్ కూడా ఒక డబ్బా తెప్పించాను. కుర్రాళ్లు రెండు రోజులు వేసుకుని, మూడో రోజు వాటిలో నీళ్లు నింపి కొట్టుకున్నారు. మాస్కులు మాత్రం నిలిచాయి.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది చూడాలంటే, ఎడ్ చైనా ఉన్నంతవరకు వీలర్ డీలర్స్ ముందు చూడండి. తర్వాత కార్ ఎస్‌ఓఎస్. ఇదీ బ్రిటన్‌దే, టిమ్ షా, ఫజ్ టౌన్షెండ్ ఇద్దరూ చేస్తారు. జబ్బుతోనో కష్టంతోనో సగంలో వదిలేసిన వాళ్ల కారుని ఇంట్లోవాళ్లు చెప్తే తీసుకెళ్లి బాగుచేస్తారు. ఏడిపిస్తారు, కాస్త కావాలనే ఏడిపిస్తారు, కానీ తుప్పు పట్టిన ముక్క కోసి కొత్త రేకు అతికించడం దాటేయరు. అమెరికన్ చాపర్ మొదటి రెండేళ్లు చాలు. డాలస్ వాళ్ల ఫాస్ట్ అండ్ లౌడ్‌లో మెకానిక్ ఆరన్ కాఫ్‌మన్ చెయ్యి పెట్టిన పని బాగుంటుంది, బీరు సీసాలు, బేరాల అరుపులు ఫార్వర్డ్ చేసుకోండి. పింప్ మై రైడ్ పెళ్లి వీడియో లాంటిది, వేరే వాళ్లు పెడితే చూడొచ్చు.

మా ఇంట్లో గొడవ సీను రాగానే టీవీ మ్యూట్‌లో పడుతుంది. మొన్న రాత్రి అలాగే మ్యూట్ చేసి మర్చిపోయాను. తెర మీద ఎవరో ఫెండర్ కింద డాలీ అనే ఇనప దిమ్మ పెట్టి పైనుంచి సుత్తితో చిన్నగా కొడుతున్నాడు. నాన్న మోచేత్తో పొడిచారు.

"సౌండ్ పెట్టు అమ్మాయ్. రేకు మోగుతోందో, లోపల లప్పం ఉందో వినాలి."